పడవ నిండుకుంది

నందిగామలో ఉమాకాంతంగారి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పరు. మంచం ఉమాకాంతం అనండి, హైవే పక్కనున్న లారీ బుకింగాఫీసు దాకా వెంటబెట్టుకుని వచ్చి మరీ చూపిస్తారు. పత్తి బేళ్ళు, మిరపకాయ టిక్కీ బస్తాలు, పెళ్ళివారి సామాన్లు, ఒకసారి సర్కసువాళ్ళ ఒంటె, ఇన్నిటిని వెంట్రుకవాసి తేడా రాకుండా చేరవేసిన మనిషి ఆయన. వాటిలో ఒక్కటీ జనానికి గుర్తులేదు. గుర్తున్నది మంచం ఒక్కటే. లోకం జ్ఞాపకశక్తి ఎప్పుడూ ఎదుటివాడి పొరపాట్ల దగ్గరే బాగా పనిచేస్తుంది.

ఆ మంచం బావమరిది జగన్నాథరావుది. పదేళ్ళ కిందట అతని పెళ్ళికి వత్సవాయి వియ్యాలవారు హైదరాబాదులో పందిరిమంచం కొని, దాన్ని నందిగామ చేర్చే భారం ఉమాకాంతం మీద పెట్టారు. ఆయన ఊరి పేరు రాయించాడు కానీ జిల్లా పేరు రాయించలేదు. నందిగామ అంటే మన నందిగామే, దేశంలో ఇంకోటెందుకుంటుందని ఆయన ధీమా. ఉంది. శ్రీకాకుళం జిల్లాలో నందిగాం ఉంది. మంచం అక్కడికి వెళ్ళి, అక్కడ ఎవరెవరు పడుకున్నారో ఏమో, రెండు నెలల తర్వాత మూడు కోళ్ళతో తిరిగొచ్చింది. ఈలోగా కొత్త పెళ్ళికొడుకు చాప మీద పడుకున్నాడు. ఆ పెళ్ళికొడుకు ఇప్పుడు నందిగామ కోర్టులో వకీలు. కోర్టులో వాయిదా ఉన్నా లేకపోయినా, టీ తాగే దగ్గర మాత్రం మా బావ మంచం కథ అంటూ రోజూ వాదన వినిపిస్తాడు.

అలాంటి ఉమాకాంతం చేతికి తొంభై ఎనిమిది వేసవిలో ఒక పడవ వచ్చింది.

జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కొలిమి బాగుచెయ్యడానికి డెన్మార్కు నుంచి నీల్సన్ అనే ఇంజనీరు వచ్చాడు. ఆర్నెల్లన్నవాడు మూడేళ్ళున్నాడు. జనం ఆయన్ని నీలసేనుగారనేవారు. ఆయనకి ఆదివారం పొద్దుపోక, వేదాద్రిలో వడ్రంగి బ్రహ్మయ్యను పట్టుకుని ఇద్దరూ కలిసి చిన్న తెరచాప పడవ ఒకటి చేశారు. నరసింహస్వామి దర్శనానికి వచ్చినవాళ్ళు తడిబట్టలతో రేవులో నిలబడి, తెల్లాయన కృష్ణలో గాలికి అటూ ఇటూ పోవడం చూసి, చేపలు పట్టకుండా ఊరికే తిరిగేదానికి ఇంత అవస్థ ఎందుకని జాలిపడేవారు. పని ముగిసి వెళ్ళిపోయేటప్పుడు ఆయన మిగతా సామానంతా ఇచ్చేశాడు. పడవ మాత్రం తనతో రావాలన్నాడు. అదీ జులై దాటకముందే రావాలి, ఆ తర్వాత మా ఊళ్ళో ఎండ ఉండదన్నాడు. మే నెల జగ్గయ్యపేటలో నిలబడి ఎండ ఉండదని బాధపడే మనిషిని చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు.

పంపుతామని పెద్ద పెద్ద ట్రాన్స్‌పోర్టులేవీ ముందుకు రాలేదు. ఉమాకాంతం మాత్రం ఆయన అడగడం పూర్తి కాకముందే లక్షణంగా పంపిస్తానండీ అన్నాడు. డెన్మార్కు ఎక్కడుందో తర్వాత తెలుసుకున్నాడు. ఆయన లెక్క ఒకటే. ఈ పడవ క్షేమంగా సముద్రం దాటితే జనం మంచం మర్చిపోతారు, ఇక తనని పడవ ఉమాకాంతం అంటారు. మంచం ఉమాకాంతంగా చచ్చిపోవడం ఆయనకి బొత్తిగా ఇష్టం లేదు. ఈ సంగతి విని జగన్నాథరావు, డెన్మార్కంటే శ్రీకాకుళం దాటాకనా, ఇవతలనా బావా అని నలుగురిలో అడిగాడు. ఉమాకాంతం పళ్ళు బిగబట్టి నవ్వాడు.

ఇక్కడ ఆయన భార్య గురించి చెప్పాలి. బాలాత్రిపురసుందరి నోట ఖాళీ అన్న మాట రాదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనడం, దీపం ఆరితే కొండెక్కిందనడం అందరిళ్ళలోనూ ఉన్నదే. అయిపోయిందని అశుభంగా అనకుండా పెద్దవాళ్ళు పెట్టిన వాడుక. ఈమె దాన్ని బియ్యం డబ్బా దగ్గర ఆపలేదు. వాళ్ళింట్లో గ్యాసు నిండుకుంటుంది, కిరసనాయిలు నిండుకుంటుంది, పౌడరు డబ్బా నిండుకుంటుంది, ఓసారి పెన్నులో రీఫిల్లు కూడా నిండుకుంది. చిక్కల్లా మొగుడి వ్యాపారంతోనే. బుకింగాఫీసు ఇంటి ముందుగదిలో ఉంది. ఖాళీ లారీ ఉందా అని అడిగేవాళ్ళే ఆ ఇంటికి అన్నం పెట్టేవాళ్ళు. ఆయన లేనప్పుడు ఆమె ఫోనెత్తి, లారీ సిద్ధంగా ఉందండి, దేనికోసమూ ఆగలేదండి అని చెప్పేది. అలవాటైనవాళ్ళకి అర్థమయ్యేది. కానివాళ్ళు ఇంకో ఆఫీసుకి ఫోను చేసుకునేవారు.

మద్రాసులో ఓడ ఎక్కించే ఏజెంటు ఒకడు కుదిరాడు. అతను మొదటి రోజే గట్టిగా చెప్పాడు. పడవలో పడవ తప్ప ఇంకేమీ ఉండకూడదు. తినేది, మొలిచేది, గడ్డి, మట్టి ఏది కనబడినా అవతలి దేశంవాళ్ళు పడవ దింపనివ్వరు. ఉమాకాంతం సరే సరే అన్నాడు. నందిగామ నుంచి పడవ పంపడంలో కష్టం సముద్రం దగ్గర వస్తుందనుకున్నాడు గాని, ఇంటి ముందే వస్తుందనుకోలేదు.

పడవ వచ్చి ఆఫీసు పక్క రేకుల షెడ్డులో దిగిన మర్నాడే, నీల్సన్‌కి మూడేళ్ళు వండిపెట్టిన ఆరోగ్యమ్మ జగ్గయ్యపేట బస్సు దిగింది. చంకలో నీలసేనుగారికి పంపాలని తెచ్చిన ఆవకాయ జాడీ ఉంది. ఉమాకాంతం కూడదన్నాడు. ఏజెంటు మాట చెప్పాడు. ఆమె ఓపిగ్గా అంతా విన్నది.

"పక్కింటోళ్ళు కూర పంపిన గిన్నె ఉత్తిది తిరిగిస్తామా అండీ?" అంది. "గిన్నెకే అంత మర్యాద ఉంటే, ఇంత పడవ ఉత్తిగా పంపితే మన పరువేమైద్ది?"

ఉమాకాంతం జాడీ తిరిగిచ్చేయబోతే, ఇచ్చింది వెనక్కి తీసుకునే వంశం కాదు మాది అని ఆమె సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. రెండు రోజులయ్యాక పడవలోకి చీమల బారు పోతోంటే ఆయన ఆ బారు వెంటే పోయి చూశాడు. కూర్చునే బల్ల కింది పెట్టెలో మాగాయ, తాటిబెల్లం ఉన్నాయి. ఆ పెట్టె చేసినవాడు బ్రహ్మయ్యే కాబట్టి అది ఎలా తెరుచుకుంటుందో అతనికొక్కడికే తెలుసు. పిలిపించి అడిగితే, ఆడపిల్లని అత్తారింటికి ఒట్టి చేతుల్తో పంపుతామా బాబూ అని ఎదురడిగాడు. అతనూ వెనక్కి తీసుకోలేదు.

పారెయ్యడానికి సుందరి ఒప్పుకోలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. లారీ కుదిరేదాకా మొగుడూ పెళ్ళాలిద్దరూ మూడు పూటలా ఆవకాయ, మాగాయ, తాటిబెల్లం తిన్నారు. ఆరోగ్యమ్మ కారం ఇంజనీర్ల కోసం తగ్గించే రకం కాదు. ఉమాకాంతం పొట్ట పట్టుకుని, మజ్జిగ మీద మజ్జిగ తాగి, తన వ్యాపార గౌరవాన్ని ముద్ద ముద్దగా నిలబెట్టుకున్నాడు. లారీ వచ్చే ముందురోజు బెల్లం చివరి ముక్క కూడా అయిపోయింది. సుందరి దగ్గరుండి పడవను లోపలా బయటా కడిగించి, పొడిగుడ్డతో తుడిపించింది.

బయల్దేరే రోజు టైరు కింద నిమ్మకాయ పెట్టారు, గుమ్మడికాయ దిష్టి తీసి రోడ్డు మీద కొట్టారు. అదయినా పడవలో పెట్టకుండా చూసుకున్నందుకు ఉమాకాంతం తనని తాను మెచ్చుకున్నాడు. ఎండకి ఊరిపక్క మునేరు ఇసక తేలి ఉన్న రోజుల్లో లారీ మీద పడవ పోతోంటే, వరదొస్తోందా అని ఒకరు, ఎవరి ఎన్నికల గుర్తని ఇంకొకరు అడిగారు. జగన్నాథరావు నల్లకోటు భుజాన వేసుకుని వచ్చి, ఈసారి జిల్లా పేరు రాశావా బావా అన్నాడు. రాశాడు. ఖండం పేరు కూడా రాశాడు. అదీ చాలక ఇంకెవరి మీదా నమ్మకం లేక, డ్రైవరు పక్కన తనే ఎక్కి కూర్చున్నాడు.

లారీ ఒంగోలు దాటి ఎక్కడో ఉండగా నందిగామలో ఫోను మోగింది. మద్రాసు ఏజెంటు గుమాస్తా చేశాడు. తమిళాయన, తెలుగు వచ్చన్న ధైర్యం ఉన్నవాడు. మర్నాడు సాయంత్రం ఓడకి కాగితాలు ముందే తయారుచేసి పెడదామని అతని తాపత్రయం. ఊరగాయల తగాదా అంతకుముందు ఉమాకాంతం ఫోనులో చెప్పుకుని ఏడవగా విన్నవాడే గనక, ఆ ఊరుగాయల సంగతి ఏమాయె అమ్మా అని అడిగాడు.

"ఆవకాయాండీ? నిండుకుంది. మాగాయ కూడా నిండుకుంది. బెల్లం నిన్ననే నిండుకుంది," అంది సుందరి. అతను కంగారుగా, అన్నీ నిండెనా అన్నాడు. "అన్నీ నిండుకున్నాయి. మీరేం కంగారుపడకండి," అని ఆమె ధైర్యం చెప్పింది.

గుమాస్తా నిజాయితీపరుడు. ఉన్నదాన్ని దాచి ఆపదలో పడటం కన్నా రాసేసి బయటపడటం మేలనుకున్నాడు. తెరచాప పడవ ఒకటి, దాని నిండా మామిడికాయ ఊరగాయ రెండు రకాలు, బెల్లం అని కాగితాల మీద చక్కగా టైపు కొట్టించాడు.

మర్నాడు మధ్యాహ్నం రేవు దగ్గరి షెడ్డులో ఆఫీసరు ఆ కాగితం చేత్తో పట్టుకుని పడవ చుట్టూ తిరిగాడు. టార్పాలిను తీయించాడు, బల్లలు ఎత్తించాడు, పెట్టెలో చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాడు. చేతికి ఏమీ అంటలేదు. గుమాస్తా చేత ఊరగాయలెక్కడ అని అడిగించాడు. లేవండి అన్నాడు ఉమాకాంతం, గర్వంగా. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. లేవని రాసినవి ఉండటం మామూలు తప్పట. ఉన్నాయని రాసినవి లేకపోతే, దారిలో అమ్మేశారా, ఇంకెక్కడైనా దాచారా అని తేలేదాకా పడవ కదలదట. ఉమాకాంతం ఒట్టు పెట్టాడు, దేవుళ్ళందరినీ పిలిచాడు. ఆఖరికి ఊరగాయలు ఇక్కడున్నాయండీ అని పొట్ట చూపించాడు. ఆఫీసరు నవ్వలేదు.

మీ ఇంట్లో అమ్మే అన్నీ నిండుకున్నాయందని గుమాస్తా చెప్పడంతో ఉమాకాంతం అతని మీద విరుచుకుపడ్డాడు. ఇంతకీ నిండుకున్నాయంటే అయిపోయాయని అర్థమయ్యా అన్నాడు.

"నిండు కుండ అంటే ఫుల్లు కదా సార్?" అన్నాడు గుమాస్తా.

"అవును."

"నిండు చంద్రుడు అంటే ఫుల్లు చంద్రుడు?"

"అవును."

"మరి నిండుకుంది అంటే?"

"ఏమీ లేదని."

గుమాస్తా ఆయన వంక జాలిగా చూసి, మొహం తిప్పుకుని ఆఫీసరుకి తమిళంలో ఏదో చెప్పాడు. ఎండ దెబ్బ గురించి అయ్యుంటుంది.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఓడ సాయంత్రం వెళ్ళిపోతుందని, తర్వాతిది దొరికేసరికి జులై పోతుందని అతనికీ తెలుసు. అందుకని ఒక దారి చెప్పాడు. నిండిందని ఏ నోరు చెప్పిందో ఆ నోరే కాదని తన చెవిన చెప్పాలి. తనకి తెలుగు రాదు, కాని ఉత్తరాది ఊళ్ళలో పనిచేశాడు గనక ఖాళీ అన్న మాట తెలుసు. ఆమె ఖాళీ అంటే చాలు, సంతకం పెట్టేస్తాడు. మొగుడు మాత్రం మధ్యలో అందించకూడదు.

ఈ దేశంలో ఇన్ని లక్షల మాటలుండగా ఆఫీసరుకి ఆ ఒక్కటే రావాలా అనుకున్నాడు ఉమాకాంతం.

ఏజెంటు గదిలో స్పీకరున్న ఫోను కలిపారు. గుమాస్తా అడిగాడు. అన్నీ నిండుకున్నాయని నిన్ననే చెప్పా కదండీ అంది సుందరి. ఆఫీసరు కనుబొమలు లేచాయి. ఆ నిండు వద్దమ్మా, వేరే మాట చెప్పండి అని గుమాస్తా బతిమాలాడు. పడవ శుభ్రంగా ఉందండి, నేనే దగ్గరుండి కడిగించా, పడవలో పడవే ఉంది అని ఆమె తనకు చేతనైనన్ని విధాల చెప్పింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. గుమాస్తా ఇక ఉండబట్టలేక, "ఖాళీ అని మీ నోటితో చెప్పండమ్మా. ఆఫీసరుకి ఆ మాటే కావాలి. లేకుంటే పడవ పోదు," అనేశాడు.

అవతల చప్పుడు లేదు.

ఆ చప్పుడు లేకపోవడం ఏమిటో ఆ గదిలో ఉమాకాంతం ఒక్కడికే తెలుసు. పెళ్ళయిన ఏడెనిమిదేళ్ళకి బంధువులింట్లో బారసాల జరిగింది. సుందరి ఊయలకి పూలు కట్టబోతే, ఉమాకాంతం మేనత్త పదిమందిలోనూ, ఒడి ఖాళీగా ఉన్నదానివి, నువ్వు పక్కకుండవే అంది. సుందరి చేతిలో పూలదండ ఇంకెవరికో ఇచ్చేసి పక్కకు జరిగింది. ఆ రోజు నుంచీ ఆమె ఆ మాట పలకలేదు. ఊరంతా దాన్ని శుభం, ఆచారం అనుకుని నవ్వుకుంది. ఉమాకాంతం ఆ బారసాలలోనే ఉన్నాడు. మేనత్తకి రెండడుగుల దూరంలో కూర్చుని బూరె తింటున్నాడు. పెద్దావిడతో గొడవెందుకని తలొంచుకుని ఆ బూరె పూర్తిచేశాడు. తర్వాత పిల్లలూ పుట్టలేదు, ఆ మాటా ఇద్దరి మధ్య రాలేదు.

ఇప్పుడు ఆయన ఆఫీసరు చెప్పింది మర్చిపోయి ఫోనుకీ గుమాస్తాకీ మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"వద్దండి. మా ఆవిడ ఆ మాట అనదు."

"ఒక్క మాటే కదా సార్."

"ఒక్క మాటే. అయినా నేను అననివ్వను. ఓడ పోతే పోనివ్వండి."

అలా అంటున్నప్పుడే ఆయనకి కోర్టు ఆవరణలో టీకొట్టు, అక్కడ నిలబడి గ్లాసు ఊపుతూ కథ మొదలుపెట్టే బావమరిది కళ్ళముందు కనబడ్డారు. ఇక మంచానికి పడవ కూడా తోడవుతుంది. నీల్సన్‌కి ఏం చెప్పాలో తెలియదు. అయినా ఆయన అక్కడి నుంచి కదల్లేదు.

"ఏమండీ," అంది ఫోను. "మీరక్కడే ఉన్నారా?"

"ఉన్నా."

"కాస్త పక్కకు జరగండి. ఆయన్ని విననివ్వండి." తర్వాత ఆమె బడిలో పాఠం అప్పజెప్పినట్టు నిదానంగా పలికింది. "పడవ ఖాళీ అండి. అందులో ఏమీ లేదు. ఖాళీ."

ఆఫీసరు తలూపి సంతకం పెట్టాడు.

పడవ ఆ సాయంత్రమే ఓడెక్కింది, జులైలో చేరింది, నీల్సన్ దాంట్లో కూర్చుని ఫోటో తీయించుకుని పంపాడు. నందిగామలో సగంమంది ఉమాకాంతాన్ని పడవ ఉమాకాంతం అనడం మొదలెట్టారు, మిగతా సగం జగన్నాథరావు పలుకుబడిలో ఉన్నవాళ్ళు. ఇదంతా తర్వాతి సంగతి. కంగారుపడే పాఠకుల కోసం ముందే చెప్పేస్తున్నా.

ఆ మధ్యాహ్నం మాత్రం ఉమాకాంతం స్పీకరు ఆపి ఫోను చెవికి పెట్టుకున్నాడు. గుమాస్తా ఆఫీసరు వెంట బయటికి పోయాడు.

"ఎందుకన్నావు సుందరీ? నేను వద్దన్నాగా," అన్నాడు.

"మీరు వద్దన్నారు కాబట్టే అన్నా," అంది ఆమె. "ఆ వద్దన్న మాట మీరు బారసాల రోజు అంటారని చూశా. ఇరవయ్యేళ్ళకు అన్నారు. పోనివ్వండి, మీ బుకింగులు ఎప్పుడు సమయానికి చేరాయి గనక."

ఉమాకాంతం నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అవతల ఆమె కూడా ఫోను పెట్టలేదు. అది పరాయివాళ్ళ ఫోనని, ఎస్టీడీ అని ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.